పాటకు కూలి: పాతబస్తీ సంగీత వృత్తి చరిత్ర

మన సంగీత చరిత్రలు తిరగేస్తే రాగాలు కనిపిస్తాయి, రాజులు కనిపిస్తారు, గండపెండేరాలూ కనకాభిషేకాలూ కనిపిస్తాయి. జీతం మాత్రం ఎక్కడా కనిపించదు. ఫలానా విద్వాంసుడు ఫలానా సంస్థానంలో ఆదరణ పొందాడని ఒక వాక్యం రాసి చేతులు దులుపుకోవడం మన చరిత్రకారులకు అలవాటైపోయింది. ఆదరణ అంటే నెలకు ఎంత? ఇచ్చినవాడికి ఆ డబ్బు ఎవరి కష్టంలోంచి వచ్చింది? పుచ్చుకున్నవాడు దానికి బదులుగా ఎన్ని గంటలు పాడాలి, ఎవరికి నేర్పాలి, ఎవరికి నేర్పకూడదు? కవుల విషయంలో ఈ ప్రశ్నలు వేయడం మనం దశాబ్దాల కిందటే నేర్చుకున్నాం. శ్రీనాథుడి సంగతి మాట్లాడితే రెడ్డిరాజుల సంగతి, వాళ్ల భూముల సంగతి మాట్లాడకుండా ఊరుకోం. గాయకుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన వర్గదృష్టి శ్రుతి తప్పుతుంది. నాదబ్రహ్మం, గాంధర్వం, దైవదత్తం వంటి మాటలు అభ్యుదయవాదుల కలాల్లోంచి కూడా జారిపడతాయి.

ఈ ప్రశ్నలు వేయడానికి లాల్‌దర్వాజా కన్నా అనువైన చోటు నాకు తోచలేదు. పేరుకి అది పాత నగర ప్రాకారపు దర్వాజాల్లో ఒకటి. ఇప్పుడు సింహవాహిని మహంకాళి గుడి పేరుతో, ఆషాఢమాసపు బోనాల పేరుతోనే అందరికీ తెలుసు. కానీ అక్కడ నిలబడి చుట్టూ చూస్తే సంగీత వృత్తి చరిత్ర మొత్తం నడకదూరంలోనే ఉంది. ఒకవైపు శాలిబండలో మహారాజా కిషన్‌పర్షాద్ దేవిడీ ఉండేది. ఆయన 1901 నుంచి 1912 దాకా, మళ్లీ 1926 నుంచి 1937 దాకా నిజాం ప్రధాని. 'షాద్' అన్న పేరుతో కవిత్వం రాసినవాడు, కవిగాయకులను పోషించినవాడు. అదే శాలిబండలో మరాఠీవాళ్లు 1895లో పెట్టుకున్న భారత గుణవర్ధక సంస్థ ఉంది. ఇంకోవైపు సుల్తాన్‌షాహీ దాటితే దాయిరా మీర్ మోమిన్ శ్మశానవాటిక. హిందుస్తానీ గాయకుల్లో మహాశిఖరమైన బడే గులాం అలీఖాన్ సమాధి అక్కడే ఉంది. నడుమన గుడి. గుడి ముందు ఏడాదికోసారి డప్పు. ఈ మూడు చోట్లకీ మూడు రకాల కళాకారులు. ఒకరిని ఉస్తాద్ అంటాం, ఒకరిని మాస్టారు అంటాం, ఒకరిని ఏమీ అనం, 'డప్పోళ్లు వచ్చిన్రు' అంటాం.

ముందు దర్బారు సంగతి చూద్దాం. అసఫ్‌జాహీల కాలంలో గాయనీ గాయకుల, నర్తకుల వ్యవహారాలు చూడటానికి అర్బాబె నిషాత్ అని ఒక ప్రత్యేక శాఖే ఉండేది. ఆనందాన్ని కూడా దఫ్తరు పెట్టి నడిపారన్నమాట. నవ్వుకోవచ్చుగాని, ఆ దఫ్తరు ఒక నిజాన్ని ఒప్పుకుంటున్నది: పాట ఒక పని, చేసేవాళ్లు పనివాళ్లు. ఆ వర్గంలో అందరికన్నా పైకి వచ్చినది మహ్‌లఖాబాయి చందా (1768–1824). ఉర్దూలో తన గజళ్ల దీవానును సంకలనం చేయించుకున్న తొలి కవయిత్రుల్లో ఆమె ఒకరు. ఆ ప్రతిని 1799లో ఇంగ్లీషు అధికారి జాన్ మాల్కమ్‌కు ఆమె స్వయంగా బహూకరించింది. దర్బారులో మనసబు, జాగీరు, ఊరేగింపులో ఏనుగు అన్నీ పొందింది. ఆమెకు సంగీతం నేర్పినవాడు ఖుష్‌హాల్‌ఖాన్ అనూప్, తాన్‌సేన్ వంశీకులమని చెప్పుకునే కలావంత్ కుటుంబీకుడు. సాహిత్య చరిత్రలు ఇంతవరకు చెబుతాయి. చెప్పవలసినది ఇంకా రెండుంది. ఒకటి, ఆమె గురువు కూడా. అనేకమంది ఆడపిల్లలను చేరదీసి, పెంచి, పాటా ఆటా నేర్పించింది. మౌలాలి కొండ కింద ఆమె కట్టించిన ఆవరణ తల్లి సమాధి మాత్రమే కాదు, ఒక వృత్తికి నిలువనీడ. ఈ దేశంలో సంగీత పాఠశాలల చరిత్ర రాసేవాళ్లు మగవాళ్లు బోర్డు కట్టిన రోజు నుంచి మొదలుపెడతారు గాని, ఇటువంటి ఇళ్ల నుంచి మొదలుపెట్టరు. రెండోది, జాగీరు అంటే బంగారు నాణేల చెట్టు కాదు. అడిక్‌మెట్ ప్రాంతంలో ఆమెకు జాగీరు ఉండేది. అంటే అక్కడి తెలుగు రైతు కట్టిన పన్నే గజలయింది. ఆ రైతుకు ఆ గజల్ ఒక్క ముక్క అర్థం కాదు, వినిపించనూ లేదు. దీన్ని మహ్‌లఖాబాయి మీద నేరంగా మోపడం నా ఉద్దేశం కాదు. ఆ వ్యవస్థలో స్వతంత్రంగా బతకాలనుకున్న స్త్రీకి అంతకన్నా గౌరవమైన దారి ఇంకొకటి లేదు. కాని లెక్క లెక్కే.

1857 తిరుగుబాటు తర్వాత ఢిల్లీ కొలువు కూలిపోయింది. అక్కడి గాయకులు రాంపూర్, అల్వార్, జైపూర్, గ్వాలియర్, హైదరాబాద్ ఇలా సంస్థానాల గుమ్మాలు వెతుక్కున్నారు. బహదూర్‌షా జఫర్ కొలువులో ఉండిన తాన్‌రస్‌ఖాన్ చివరికి చేరింది ఇక్కడికే, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గరికి. కవ్వాల్ బచ్చే సంప్రదాయపు గాయకుడు. ఇక్కడే చనిపోయి నాంపల్లిలో షా ఖామోష్ దర్గా ఆవరణలో సమాధి అయ్యాడు. (అదే ఖబ్రస్తాన్‌లో 1969లో మఖ్దూం మొహియుద్దీన్‌ను ఖననం చేశారు. ఖామోష్ అంటే మౌని. ఇద్దరు గొంతున్నవాళ్లు మౌని నీడకు చేరారు!) నేటికీ హైదరాబాద్‌లో పాడుతున్న వార్సీ ఖవ్వాలులు తమ వంశవృక్షాన్ని తాన్‌రస్‌ఖాన్ దాకా చెప్పుకుంటారు. వాళ్లలో అజీజ్ అహ్మద్‌ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ వచ్చింది.

తాన్‌రస్‌ఖాన్ శిష్యుల్లో అలీబక్ష్, ఫతే అలీ అన్న జంట ఉంది. 'అలియా-ఫత్తూ' అని లోకం పిలిచింది. పటియాలా ఘరానాకు మూలపురుషులు వీళ్లే. వీళ్లకు నేర్పిన మరో గురువు గోకీబాయి అన్న గాయని. ఘరానా చరిత్ర చెప్పేవాళ్లు తాన్‌రస్‌ఖాన్ పేరును గట్టిగా, గోకీబాయి పేరును గొంతు తగ్గించి చెబుతారు. ఫతే అలీ దగ్గర నేర్చుకున్నవాడు కాలేఖాన్. ఆ కాలేఖాన్ తన అన్న కొడుక్కి నేర్పాడు. ఆ అన్న కొడుకే బడే గులాం అలీఖాన్. అంటే ఒక గురుశిష్య పరంపరకు ఆ కొసా ఈ కొసా హైదరాబాద్ మట్టిలోనే ఉన్నాయి: ఒకటి నాంపల్లిలో, ఇంకోటి లాల్‌దర్వాజా పక్కన.

ఇక్కడ ఉస్తాదుల బోధన గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. పాత ఉస్తాదులు విద్యను దాచుకున్నారనీ, అసలు చీజులు కొడుకులకూ అల్లుళ్లకే చెప్పారనీ, శిష్యులచేత ఏళ్ల తరబడి హుక్కా నింపించుకున్నారనీ చాలామంది రాశారు. భాత్‌ఖండే అంతటివాడు ఊరూరూ తిరిగి, ఉస్తాదులను బతిమాలి, చీజులు సేకరించి స్వరాలతో అచ్చు వేయించవలసి వచ్చింది. అది సంగీతానికి చేసిన మహోపకారం, సందేహం లేదు. కాని ఉస్తాదు ఎందుకు దాచుకున్నాడు? రైతుకు భూమి ఉంది, సాలెకు మగ్గం ఉంది, కోమటికి సరుకు ఉంది. ఉస్తాదుకు ఉన్న ఆస్తి అంతా గొంతులోనే ఉంది. ఒక అరుదైన రాగం, దాని చీజు, దానిలో పోవలసిన దారి ఇవే అతని పొలం. కొన్ని కుటుంబాల్లో కూతురి పెళ్లికి చీజులనే కట్నంగా ఇచ్చేవారంటే ఆశ్చర్యం ఎందుకు? కట్నంగా పొలం రాసివ్వడం మనకు ఆశ్చర్యం కాదు గదా! గండా కట్టడమంటే శిష్యుడి ముంజేతికి దారం చుట్టడం మాత్రమే కాదు. ఆ దారంతో ఒక ఒప్పందం కుదురుతుంది: నువ్వు నా ఇంటి మనిషివి, నా సరుకును నా శత్రువుకు అమ్మవు. చదువుకున్న మధ్యతరగతి వచ్చి 'ఇది జాతి సొత్తు, బయటపెట్టు' అన్నప్పుడు ఉస్తాదు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: జాతి నాకు పింఛను ఇస్తుందా? అడిగినవాళ్లున్నారో లేదో గాని, జవాబు మాత్రం రాలేదు.

సంస్థానాధీశులు తలుచుకుంటే వేరే దారి లేకపోలేదు. బరోడాలో మౌలాబక్ష్ 1886లోనే గాయనశాల నెలకొల్పి స్వరలిపితో పాఠం చెప్పించాడు. అతని మనుమడు ఇనాయత్‌ఖాన్ వీణ పట్టుకుని ఈ శతాబ్దానికి ముందటి శతాబ్దపు తొలి ఏళ్లలో హైదరాబాద్ వచ్చి మహబూబ్ అలీఖాన్‌ను మెప్పించాడు. ఇక్కడే సూఫీ గురువును వెతుక్కుని, 1910లో పడమటి దేశాలకు ఓడ ఎక్కాడు. మన విజయనగరంలో 1919లో సంగీత కళాశాల తెరిచి ఆదిభట్ల నారాయణదాసును ప్రిన్సిపాలు చేశారు. ఇరవయ్యారేళ్ల ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ ఆచార్యుడిగా చేరి, 1936లో ప్రిన్సిపాలయ్యాడు. పాడేవాడికి నెల తిరిగేసరికి జీతం, హాజరుపట్టీ, సెలవు వచ్చాయి. ఒక చిన్న జమీందారీ చేసిన ఈ పనిని ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరు మోసిన నిజాం చేయలేదు. హైదరాబాద్‌లో ప్రభుత్వ సంగీత కళాశాల వచ్చింది 1952లో, నిజాం పాలన పోయిన తర్వాత.

దర్బారు గాయకుడి పనిగంటలు తెలియాలంటే సిద్ఖ్ జాయిసీ రాసిన 'దర్బారె దుర్బార్' చదవాలి. ఏడవ నిజాం రెండవ కొడుకు మొజ్జంజా కొలువులో 1930లలో పనిచేసిన కవి రాసుకున్న జ్ఞాపకాలు అవి. నరేంద్ర లూథర్ ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆ కొలువు రాత్రి కొలువు. పొద్దుగూకాక మొదలై తెల్లవారేదాకా సాగేది. రాకుమారుడు తాను రాసిన గజళ్లను గాయకులచేత పాడించుకుని వినేవాడు. కొలువులోని కవులు ప్రతి చరణానికీ 'వాహ్వా' అనాలి. నిద్ర వచ్చినా లేవడానికి వీల్లేదు. ఫానీ బదాయూనీ అంతటి కవి కూడా ఆ వరుసలో కూర్చున్నాడు. పుస్తకం నిండా హాస్యం ఉంది గాని, చదివి ముగించేసరికి నాకు నవ్వు రాలేదు. మన దొరల గడీల్లో వెట్టి చేసినవాళ్లు పగలంతా చేశారు. ఇది రాత్రి వెట్టి. తిండి బాగుంది, షేర్వానీ బాగుంది, అంతే తేడా.

ఆ కొలువులో బాల్యంలోనే పాడినవాడు విఠల్‌రావు. మరాఠీ ఇంటి పేద పిల్లవాడు ఉర్దూ గజలుకు హైదరాబాద్ గొంతు అయ్యాడు. కొలువు పోయాక గోషామహల్‌లో తన ఇంట్లోనే దశాబ్దాల తరబడి శిష్యులకు నేర్పాడు. మతం పేరుతో ఈ నగరాన్ని రెండు ముక్కలు చేయాలనుకునేవాళ్లకు విఠల్‌రావు ఒక్కడే సమాధానం. ఆయన 2015 మే నెలాఖరులో షిర్డీలో కుటుంబం నుంచి తప్పిపోయాడు. దాదాపు నెల తర్వాత కుటుంబానికి దొరికింది మృతదేహమే, అదీ హైదరాబాద్‌లోనే. యాభై ఏళ్లు ఈ ఊరు విన్న గొంతు ఈ ఊళ్లోనే గుర్తుతెలియని మనిషిగా పోయింది. పత్రికలన్నీ దీన్ని విషాదమని రాశాయి. విషాదమే, కాని వృత్తి కళాకారుడి వృద్ధాప్యం ఎవరి బాధ్యత అన్న ప్రశ్నను ఒక్క సంపాదకీయమూ ఎత్తినట్టు నేను చూడలేదు.

1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం ముగిసింది. 1949 ఆగస్టులో జాగీర్దారీ రద్దయింది. తెలంగాణ రైతు నెత్తురు ధారపోసి తెచ్చుకున్న ఫలితంలో అది ఒక భాగం. దానికి విచారపడేవాడు అభ్యుదయవాది కాడు. అయితే జాగీరు రద్దయినప్పుడు జాగీర్దారుకు నష్టపరిహారం ఏర్పాటు చేసిన ప్రభుత్వం, ఆ దేవిడీల్లో బతికిన సారంగి వాళ్లకూ తబలా వాళ్లకూ పాడే ఆడవాళ్లకూ ఏమి ఏర్పాటు చేసింది? దేవిడీలో జీతం పుచ్చుకున్నవాడి పేరు భూమి దస్తావేజుల్లో ఉండదు, కౌలుదారు పట్టీలో ఉండదు. దోచుకున్నవాడికి పరిహారం దొరికింది, దోచినదాంట్లోంచి విసిరిన మెతుకులతో బతికినవాడికి దొరకలేదు.

వాళ్లలో కొందరిని ఆదుకున్నది రేడియో. హైదరాబాద్‌లో 1930లలోనే నిజాం ప్రభుత్వం దక్కన్ రేడియో నడిపింది. 1950 ఏప్రిల్‌లో అది ఆకాశవాణిలో కలిసింది. రేడియో కొత్త నవాబు అన్న మాట చాలామంది అన్నారు. నిజమే, కాని ఈ నవాబు కొలువులో ప్రవేశానికి షరతులు వేరు. 1946లో సమాచారశాఖ సర్దార్ పటేల్ చేతిలో ఉన్నప్పుడు, వ్యక్తిగత జీవితం మచ్చపడినవాళ్లు రేడియోలో పాడకూడదని నిర్ణయించారు. మచ్చ ఎవరిదో చెప్పనక్కర్లేదు. బాయిల చేత పాడించుకున్న పెద్దమనుషులకు మచ్చ లేదు, పాడిన బాయిలకు ఉంది! పేరు చివర 'బాయి' తీసేసి 'దేవి' తగిలించుకున్నవాళ్లు కొందరు, గుంభనంగా పెళ్లి చేసుకుని పాట మానుకున్నవాళ్లు మరికొందరు. మహ్‌లఖాబాయి నుంచి నూటయాభై ఏళ్లు నిలిచిన ఒక గురుకులం ఆ ఒక్క ఉత్తర్వుతో అక్రమమైపోయింది. వాళ్ల దగ్గర నేర్చుకున్న మగవాళ్లు పండితులూ ఉస్తాదులూ అయ్యారు. మధురవాడల్లో మిగిలిన ఆడవాళ్లు పోలీసు దాడుల వార్తల్లోకి వచ్చారు. నేటికీ మన అభ్యుదయ సాహిత్యంలో వేశ్య కథావస్తువే గాని, సంగీత గురువుగా ఆమె చేసిన శ్రమ వస్తువు కాలేదు.

కేస్కర్ మంత్రిగా వచ్చాక 1952 నుంచి రేడియోలో ఆడిషన్, గ్రేడులు వచ్చాయి. తలలు పండిన ఉస్తాదులు తెర వెనక కూర్చున్నవాళ్లకు పరీక్ష ఇచ్చారు. మంచే జరిగింది అనేవాళ్లున్నారు. సిఫారసు కొంత తగ్గింది, అనామకులకు అవకాశం వచ్చింది, ఆ మాట కాదనను. కాని ప్రశ్నలు అడిగే భాష సంగీత శాస్త్రం చదువుకున్నవాడి భాష, జవాబు చెప్పవలసినవాడిది చెవి భాష. హార్మోనియం 1940 నుంచి మూడు దశాబ్దాలు రేడియోలో నిషిద్ధం. ఆ పెట్టె మీదనే బతికే వాద్యకారుడి నోట్లో మట్టి కొట్టడానికి జాతీయ సంస్కృతి అన్న పేరు సరిపోయింది.

రేడియో కొలువులోనే జీవితం గడిపిన మహా కళాకారుడు తబలా విద్వాంసుడు షేక్ దావూద్ (1916–1992). షోలాపూర్‌లో పుట్టి హైదరాబాద్‌నే తన ఊరు చేసుకున్నాడు. ఈ నగరానికి వచ్చిన పెద్ద గాయకులందరికీ ఆయన చేతులే ఆధారం. అయినా దేశంలో తబలా అనగానే చెప్పే నాలుగు పేర్లలో ఆయన పేరు ఉండదు. కారణం విద్యలో లేదు, ఉద్యోగంలో ఉంది. రేడియో స్టాఫ్ ఆర్టిస్టు డ్యూటీ షీటు ప్రకారం వాయించాలి. ఉదయం భక్తిగీతానికి వాయించిన చేతులే రాత్రి కచేరీకీ వాయించాలి. పైగా చాలా ఏళ్లు స్టాఫ్ ఆర్టిస్టు అంటే ప్రభుత్వోద్యోగి కాడు, కాంట్రాక్టు మనిషి. 1980లలో గాని ఆ స్థితి మారలేదు. కచేరీకి పక్కవాద్యగాడంటే మన సభల్లో ఇప్పటికీ చిన్నచూపే, కరపత్రంలో చిన్న అక్షరాలే. సారంగి వాళ్లయితే మరీ. ఆ వాద్యానికి బాయిల వాసన ఉందని అబ్దుల్ కరీంఖాన్ వంటివాళ్లు దాన్ని పక్కనపెట్టి గాయకులయ్యారు. బడే గులాం అలీ కూడా సారంగి నేర్చినవాడే. వాద్యాలకూ కులముంది.

ఇక సంగీతం మాస్టారు సంగతి. రాంకోఠీలోని త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల వల్ల వేలమంది సర్టిఫికెట్, డిప్లొమా చదువుకున్నారు. పూర్వం ఏ కొలువు గడప తొక్కలేని కులాల పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, పరీక్ష రాసి సంగీతం నేర్చుకోగలిగారు. ఇది ప్రజాస్వామ్యం సాధించిన విజయమే. కాని ఆ డిప్లొమా పట్టుకుని బయటికి వచ్చినవాడు ఎక్కడ బతుకుతున్నాడు? స్కూళ్లలో సంగీతం పోస్టు ఉంటే ఉంటుంది, ఖాళీ అయితే నిండదు. నేను పనిచేసిన బడుల్లో సంగీతం పిరియడ్ అంటే లెక్కల మాస్టారు సిలబస్ పూర్తి చేసుకునే పిరియడ్. మిగిలింది ట్యూషన్. గౌలిపురా, ఛత్రినాక, అలియాబాద్ సందుల్లో ఇంటింటికీ తిరిగి పాఠం చెప్పే మాస్టర్లను నేను ఏళ్లుగా చూస్తున్నాను. ఒక ఇంట్లో హార్మోనియం, ఇంకో ఇంట్లో కీబోర్డు. ఒకచోట త్యాగరాజ కీర్తన, ఇంకోచోట భజన, మూడోచోట టీవీ పోటీకి సినిమా పాట. ఏప్రిల్ రాగానే పరీక్షలని మానేస్తారు, మేలో ఊళ్లకు పోతారు, ఫీజు రెండు నెలలు ఉండదు. పిల్ల రెండేళ్లు నేర్చుకుని ఒక స్వరజతి పాడితే తండ్రి అడిగే మొదటి మాట, పరీక్ష ఎప్పుడు? రెండో మాట, ఎక్కడైనా పాడే చాన్సు ఇప్పిస్తారా? గండా కట్టినవాడు శిష్యుణ్ణి ఇరవై ఏళ్లు అట్టిపెట్టుకున్నాడంటే తిట్టాం; నెల ఫీజు మాస్టారిని శిష్యుడే మూడు నెలలకు మార్చేస్తున్నాడు. దోపిడీ దిశ మారిందే గాని పోలేదు.

పాతబస్తీలో సంగీతంతో బతికేవాడికి జీతం ఇచ్చేది పంచాంగం. మూఢం వస్తే పెళ్లిళ్లు లేవు, పుష్యంలో లేవు, ఆషాఢంలో లేవు. సన్నాయి మేళానికీ బ్యాండుకూ ఆ నెలలు పస్తులు. మొహర్రం వస్తే ముస్లిం పెళ్లిళ్లు ఆగుతాయి, ఖవ్వాలీ ఆగుతుంది, మర్ఫా మూలపడుతుంది. ఖవ్వాలులకు ఉర్సుల వరుసే వరుస. చిటికెలో కురిసే నజరానా నోట్లు ఎన్ని వస్తాయో ముందు తెలియదు, వచ్చినవి పది వాటాలవుతాయి. భాద్రపదంలో వినాయకచవితి పందిళ్లు అందరికీ కొంత పని ఇస్తాయి. ఒకడికి ఎండాకాలమైనప్పుడు ఇంకొకడికి వానాకాలం. ఆషాఢంలో సన్నాయి మూగబోయినప్పుడే లాల్‌దర్వాజాలో డప్పు మోగుతుంది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరంలో వేలాదిమందిని మింగింది. అప్పుడు కిషన్‌పర్షాద్ సలహా మీద మహబూబ్ అలీ పాషా అమ్మవారికి మొక్కి, బంగారు చేటలో ముత్యాలూ పట్టుచీరా మూసీకి సమర్పించాడనీ, లాల్‌దర్వాజా బోనాలు అక్కడినుంచే ఈ స్థాయికి వచ్చాయనీ స్థానికులు చెప్పుకుంటారు. నవాబు పేరు నిలిచింది, దివాను పేరు నిలిచింది, చేట కూడా నిలిచింది. ఆ రోజు డప్పు కొట్టినదెవరు? గోలకొండ నుంచి మొదలై సికింద్రాబాద్ మీదుగా లాల్‌దర్వాజాకు వచ్చే ఈ పండుగలో ఆదివారం బోనం, సోమవారం రంగం, ఘటాల ఊరేగింపు. అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద వస్తుంది. పోతురాజు అడుగు పడాలంటే ముందు దెబ్బ పడాలి. ఆ దెబ్బ లేకుండా పూనకం లేదు, రంగం లేదు, ఊరేగింపు కదలదు. అయినా డప్పు వాద్యకారుణ్ణి మన సంగీత గ్రంథాలు కళాకారుడనవు. అతను మాదిగ. సన్నాయి ఊదేవాడు మంగలి. విద్వాంసుడన్న మాట చాలాకాలం వీళ్ల వాకిట్లోకి రాలేదు.

డప్పుకు గురువు లేడని, అది పుట్టుకతో వచ్చేదని అనడం చదువుకున్నవాళ్ల వేళాకోళం. బోనాలకు ముందు నెలలో ఆ వాడలకు వెళ్లి చూడండి. తోలు పదును ఎంత చేయాలి, చితుకుల మంట మీద ఎంతసేపు కాచాలి, కుడిచేతి సిర్ర ఎక్కడ తాకాలి, ఎడమచేతి చిటికెన పుల్ల ఎప్పుడు వేయాలి, ఇవన్నీ పెద్దవాడు చిన్నవాడికి చెబుతూనే ఉంటాడు. పది పన్నెండేళ్ల పిల్లలు ముందు అట్టముక్క మీద కొడతారు. దెబ్బ తప్పితే తల మీద మొట్టికాయ పడుతుంది. అది పాఠమే, ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు అంతే. ఆ వారంలో నా తరగతి హాజరుపట్టీలో ఆ పిల్లల పేర్ల ఎదుట వరుసగా సున్నాలు పడతాయి. బడి భాషలో అది గైర్హాజరు. మర్ఫా సంగతీ ఇంతే. ఆఫ్రికా నుంచి, అరబ్బు యెమెన్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చినవాళ్ల వాద్యం బార్కాస్, ఏసీ గార్డ్స్ వాడల్లోంచి నగరమంతా పాకి, తీన్‌మార్‌గా ప్రతి పెళ్లి ఊరేగింపులోకీ, వినాయక నిమజ్జనంలోకీ, బోనాల్లోకీ చేరింది. అది ఎవరి దెబ్బో ఇప్పుడు అడిగేవాడు లేడు.

బోనాలు 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగ అయ్యాయి. ఆ ఏడాదే ఏర్పడిన సాంస్కృతిక సారథి సుమారు 550 మంది పాటగాళ్లకు, డప్పు కళాకారులకు నెల జీతాలిచ్చింది. ఇది చిన్న విషయం కాదు. ఏ నిజామూ ఇవ్వనిది, ఏ అకాడెమీ తలపెట్టనిది. కాని జీతంతో పాటు పాట కూడా వచ్చింది: ప్రభుత్వ పథకాల మీద పాడాలి. ఉద్యమంలో సొంతంగా కట్టి పాడిన గొంతు జీతం పుచ్చుకుని ఉత్తర్వుల మేరకు పాడవలసి వచ్చినప్పుడు, మొజ్జంజా రాత్రి కొలువు గుర్తుకు రావడం నా తప్పు కాదు.

మళ్లీ బడే గులాం అలీఖాన్ దగ్గరికి రావాలి. కసూర్‌లో 1902లో పుట్టి, దేశవిభజనతో పాకిస్తాన్ పౌరుడై, అక్కడ ఇమడలేక తిరిగి వచ్చి 1957లో భారత పౌరసత్వం తీసుకున్నాడు. 1960 నాటి 'మొఘలె ఆజం' చిత్రానికి పాటకు 25 వేలు పుచ్చుకున్నాడనీ, అప్పటి పెద్ద నేపథ్య గాయకులకు పాటకు ఐదు వందలు కూడా రాని రోజులనీ సినిమా చరిత్రలు చెబుతాయి. అంత మొత్తం అడిగింది డబ్బాశతో కాదట, నిర్మాత పారిపోతాడన్న ఆశతోనట. అటువంటివాడు పక్షవాతంతో మంచాన పడి, చివరి రోజులు గడిపింది బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో, ఒక పాయిగా నవాబు కుటుంబపు అతిథిగా. 1968 ఏప్రిల్‌లో పోయాడు. జాగీర్లు రద్దయి అప్పటికి పంతొమ్మిదేళ్లు. పద్మభూషణ్ ఇచ్చిన రిపబ్లిక్ అతనికి ఇవ్వలేని గది, మందులు, పడకా కూలిపోతున్న ఒక జాగీర్దారు ఇల్లు ఇచ్చింది. తర్వాత ఆ ప్యాలెస్‌నూ పడగొట్టారు. ఇప్పుడు బషీర్‌బాగ్‌లో ఒక వీధికి ఆయన పేరుంది. సమాధి మాత్రం ఇటు, దాయిరాలో, గుడి డప్పులు గాలివాటంగా వినిపించేంత దూరంలో ఉంది.

ఈమధ్య గుడి వీధుల్లో డీజే పెట్టెలు వచ్చాయి. ఒక రాత్రికి బాక్సుల కిరాయి ఎంతైనా బేరం ఆడకుండా ఇస్తారు, అడ్వాన్సు ముందే కడతారు. డప్పు జట్టు పెద్దతో మాత్రం అరుగు మీద కూర్చుని గంటసేపు బేరం చేస్తారు. ఎనిమిది మంది ఎందుకు, ఆరుగురు చాలరా అంటారు. ఆరుగురైతే దెబ్బ లేవదని పెద్దాయన చెబుతాడు. తోలు డప్పు వానకు మెత్తబడుతుంది గదా, ఫైబర్‌వి తెచ్చుకోరాదా అని సలహా కూడా ఇస్తారు. చివరికి ఏడుగురికి ఒప్పందం కుదురుతుంది. ఎనిమిదోవాడు కొత్తగా నేర్చుకుంటున్న పిల్లవాడు. వాడూ వస్తాడు, వాడికి కూలి లేదు.